బిగుసుకున్న ఇంజను

"జరుగక్కా, ఇది నీవల్ల అయ్యే పని కాదు" అంటూ గడ్డపారతో పడవలోకి దిగాను.

బావ పోయిన మూడేళ్లలో ఆయన పడవ ఇంజను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అక్క రమ్మని కబురు పెడితే దానికోసమే అనుకున్నాను. ఈ రేవులో నన్ను మించిన మెకానిక్ లేడని నా అభిప్రాయం. ఇంకెవరికీ ఆ అభిప్రాయం లేదు.

చక్రానికి గడ్డపార ఆనించి, బలమంతా పెట్టి తోశాను. అది అవలీలగా తిరిగింది. ఆ విసురుకి నేను వెళ్లి పడవ అడుగునున్న మురికినీళ్లలో కూలబడ్డాను.

"చూశావా, నా చెయ్యి పడితే చాలు!" అన్నాను, ప్యాంటు పిండుకుంటూ.

"చూశాన్లే. పది రోజులుగా పొద్దున్నే వచ్చి, సిలిండర్లో డీజిలూ నూనే పోసి నానబెడుతున్నా. నిన్ననే వదిలింది."

"ఇదంతా నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. ఇరవయ్యేళ్లు మీ బావ పక్కన కూర్చుని చూశాను."

పరువు దక్కించుకోవాలని మాట మార్చాను. "పోనీలే, ఇప్పుడు పడవకి మంచి ధర పలుకుతుంది. కొనేవాణ్ణి రేపు రమ్మన్నాను."

"అమ్ముతానని నీతో ఎవరన్నార్రా?"

ఎవరూ అనలేదు. మూడేళ్లలో నేనూ అడగలేదు. ఆడమనిషికి పడవెందుకని నాకు నేనే తీర్మానించేశాను.

అక్క హ్యాండిల్ వేసి తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి, నల్లగా పొగ కక్కి, అందుకుంది. అక్క వెళ్లి చుక్కాని దగ్గర, బావ చోటులో కూర్చుంది.

"మరి నన్నెందుకు పిలిచావక్కా?"

"గట్టు మీద తాడు విప్పడానికి ఒక మనిషి కావద్దూ?"

గట్టెక్కి, బుద్ధిగా తాడు విప్పాను.