కట్ట లోపలి బుద్ధుడు

"ఇగ కార్ఖానా మూసుడే, నర్సవ్వా!" బాన్సువాడ బీడీల సేటు మార్కండేయులు నెత్తి కొట్టుకున్నాడు.

లోకమంతా బుద్ధుని బోధ పంచుతానని, రంగూన్ పోయే ప్రతి బీడీకట్ట కాగితం మీద అక్కడివాళ్ల భాషలోనే "కోరికను విడువు" అని అచ్చేయించింది ఆయనే.

"సదివినోళ్లంతా బీడీ విడిచిండ్రు!"

రంగూన్‌లో కాకులకు సైతం దగ్గు తగ్గిందట.

"మంచిదే గద సేటూ, బుద్ధుడు గెలిచిండు."

"మరి రేపటి నుంచి నువ్వేం తింటవు?"

బీడీలు చుడుతున్న నర్సవ్వ చేయి ఆగింది. కాగితం తిరగేసి, అక్షరాలు లోపలికి పోయేటట్టు కట్టకు చుట్టింది.

"ఇట్లయితే బీడీలన్నీ ఒడిసినంకనే బోధ కనవడ్తది."

"మోసం గాదా?"

"మోసమేంది సేటూ? బుద్ధుడు గూడ రాజభోగాలన్నీ అనుభవించినంకనే గద విడిచింది!"

సేటు దండం పెట్టాడు, నర్సవ్వకే.