ఏడూ పది గేటు

“నరసింహులు సర్‌తోని జోడీ నాకే ఇయ్యాలె,” అంది శ్రీవల్లి.

సూరత్‌లో, బమ్రోలిలోని ఆ తెలుగు బడిలో టీచర్లు పదిమంది. ఆమె ఆ మాట అనగానే మిగతా ఎనిమిది మంది ఒక్కసారే ఊపిరి వదిలారు. గోడమీది క్యాలెండరు రెండు నెలలు ముందుకెళ్లింది.

శనివారం మధ్యాహ్నం. పిల్లల మనసు తెలుసుకోవడం ఎలాగో టీచర్లకు నేర్పే శిక్షణ. నేర్పడానికి ఊరి అవతలి అడాజన్ నుంచి వచ్చిన నీరజ, ఆలస్యమైందని ఆటోలోనే కత్తిరించుకొచ్చిన చీటీలను మిఠాయి డబ్బాలో వేసి కలుపుతోంది.

“పోయిన వారం మీ పిల్లలు పేరు లేకుండా తమ కష్టాలు రాసిచ్చారు కదా, అవే టైపు చేసి తెచ్చాను. జోడీలో ఒకరు ఆ పిల్లవాడవుతారు. చీటీ ఎవరికీ చూపించకూడదు. రెండోవారు మాట్లాడించాలి. తిట్టొద్దు, నీతులు చెప్పొద్దు. వినాలి. పది నిమిషాలు.”

శ్రీవల్లికి ఆ పది నిమిషాలే కావాలి.

ఆమె క్లాసులో చాందిని అని ఒక పిల్ల ఉంది. తండ్రికి మరమగ్గాల మీద రాత్రి షిఫ్టు. తల్లి తెల్లారకముందే వంటపనికి పోతుంది. తండ్రి ఏడింటికొచ్చి చిన్న తమ్ముణ్ణి ఎత్తుకుంటే గానీ చాందిని ఇల్లు కదలలేదు. బడికొచ్చేసరికి ఏడూ ఇరవై. గేటు మూసేది ఏడూ పదికి. నాలుగు రోజులుగా ఆ పిల్ల గేటు ముట్టుకుని వెనక్కి పోతోంది. సోమవారం కూడా రానివ్వకపోతే చీరలకు స్టోన్లు అంటించే పనిలో పెట్టేస్తానని తండ్రి తేల్చి చెప్పాడు.

హెడ్‌మిస్ట్రెస్ విజయరాణి దగ్గరకు వెళ్తే, “బడి నాదమ్మా. గేటు నరసింహులు గారిది,” అంది.

లెక్కల మాస్టారు నరసింహులు ఆ గేటు మూసే చప్పుడు విని సూరత్ స్టేషన్‌లో గడియారాలు సరిచేసుకుంటారని పిల్లల నమ్మకం. పొద్దున ఐదున్నరకే వస్తాడు. కోళ్లు ఆయన్ని చూసి కూస్తాయి. ఆదివారం కూడా వచ్చి, మూసిన గేటు మూసే ఉందో లేదో చూసి పోతాడు. ముప్ఫై ఏళ్లలో సెలవు పెట్టింది ఒక్కసారే, మొన్న జనవరిలో రెండు వారాలు. ఊళ్లో పనుందని వెళ్లి గుండుతో తిరిగొచ్చాడు. తిరుపతి లడ్డూ ఏదని స్టాఫంతా చుట్టుముడితే, “తేలే” అని ఒక్క ముక్క చెప్పి గేటు దగ్గరికి పోయాడు. ఆ లడ్డూ సంగతి స్టాఫ్ ఇంకా మరిచిపోలేదు.

శ్రీవల్లి ఆయన్ని నాలుగుసార్లు బతిమాలింది. నాలుగుసార్లూ గడియారం చూపించాడు. ఈసారి వదిలేది లేదు.

నరసింహులు డబ్బా అడుగునుంచి ఒక చీటీ తీశాడు. విప్పాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

“సమజ్ కాలేదా సర్?”

“అయింది.” చీటీ మడిచి పిడికిట్లో పెట్టుకున్నాడు.

లేటుగా వచ్చే పిల్ల చీటీయే పడి ఉండాలని శ్రీవల్లి దండం పెట్టుకుంది.

“ఏం నాన్నా, గిట్ల కూసున్నవేంది?”

యాభై ఏడేళ్ల నాన్నను చూసి డ్రిల్లు మాస్టారు మల్లికార్జున కిసుక్కున నవ్వాడు. విజయరాణి చూపు తగిలి ఆ నవ్వు మధ్యలోనే చచ్చిపోయింది.

“పొద్దున ఏమన్న తిన్నవా?”

“చాయ్ తాగిన. రెండు కప్పులు పెట్టిన.”

“రెండు తాగినవా?”

“ఒకటే. ఇంకోటి అలవాటుల పెట్టిన. పారబోసిన.”

“ఇంట్ల ఎవరుంటరు?”

“నేనే.”

“మరి అమ్మ?”

ఆయన కిటికీ వైపు చూశాడు. “ఆమె పోయింది.”

“ఎవరికన్న చెప్పినవా?”

“ఎవరడిగిన్రు?”

శ్రీవల్లి నాలుక మీద పదకొండు నీతివాక్యాలు వరుసలో నిలబడి ఉన్నాయి. అన్నిటినీ మింగేసింది.

“నేనడుగుతున్న. చెప్పు.”

“ఆదివారమొస్తె పరేషాన్. గంట కొట్టరు. పొద్దు పోదు. ఇంట్ల మాట్లాడితె నా మాట నాకే ఇనబడ్తది. బడికొస్తె జర నయం. గీడ లొల్లి ఉంటది.”

“బడిల నీకేం కావాలె?”

“ఏం వద్దు. లోపలికి రానిస్తె సాలు.”

చాందిని మాట ఎత్తడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. శ్రీవల్లి ఎత్తలేదు. ఆయన చేతి మీద చెయ్యి వేసి ఊరుకుంది. పది నిమిషాలూ అయిపోయాయి.

నరసింహులు టీ కప్పు కింద చీటీ పెట్టి, లేచి వరండాలోకి వెళ్లాడు.

“బ్రహ్మచారీ! సోమారం సంది గేటు ఎనిమిదింటి దాంక తెరిచే ఉండాలె.”

వాచ్‌మన్ బ్రహ్మచారి ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాడు.

“ఈయనలో ఇంత నటుడున్నాడని ముప్ఫై ఏళ్లలో తెలియలేదు!” అంది విజయరాణి కళ్లు తుడుచుకుంటూ.

“వార్షికోత్సవం నాటకంల హీరో పక్కా ఈయనే,” అన్నాడు మల్లికార్జున.

శ్రీవల్లి అక్కడినుంచే చాందిని తండ్రికి ఫోన్ చేసి సోమవారం పిల్లను పంపమంది. అనుకున్నది సాధించింది. అయినా కుర్చీలో కూర్చోలేకపోయింది. రెండు కప్పుల టీ పెట్టుకునే పిల్లవాడు ఈ బడిలోనే ఉన్నాడు. ఆదివారం రాకముందే వాడి దగ్గరికి వెళ్లాలి. ఆదివారమంటే రేపే.

“మేడం, సర్‌కు పడ్డ చీటీ ఏ క్లాసు పిల్లవాడిది?”

“ప్రతి చీటీ కింద క్లాసు వేశాను, చూడండి,” అంది నీరజ.

శ్రీవల్లి కప్పు ఎత్తి, చీటీ మడత విప్పింది. తిప్పి వెనక వైపు కూడా చూసింది.

ఒక్క అక్షరం లేదు.