ఒడిలో గడియారం

"బాంబు!"

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పోయే ఏడు గంటల బస్సులో ఎవరో అరిచారు.

డ్రైవర్ రంగయ్య సడన్‌గా బ్రేక్ తొక్కాడు.

అందరి చూపూ లూదియా ఒళ్లోని అట్టపెట్టె మీదే ఉంది. సరిచూసుకుందామని అప్పుడే మూత తీసిందామె. లోపల వైర్లు, బ్యాటరీ, సెకనుకోసారి మారుతున్న ఎర్ర అంకెలు.

"బాంబు కాదన్నా, గడియారం! కాలేజీ ప్రాజెక్టు."

"గడియారమైతే చేతికి కట్టుకోవాల. ఈ వైర్లేందీ?" అన్నాడు కండక్టర్ కరుణాకర్. అతని ముఖం పాలిపోయింది. "దిగు పాపా. పెట్టె తీసుకొని దిగు."

"దిగితే నా పరీక్ష పోతాదన్నా. ఇంకో బస్సెక్కినా ఇదే మాటంటారు."

"దించండప్పా! మా పానాలకంటే నీ పరీచ్చ ఎక్కువా?" వెనక సీటాయన అప్పటికే డ్రైవర్ పక్కన ఉన్నాడు.

లూదియా కదల్లేదు. నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదువుకి ఈ ఒక్క పరీక్షే మిగిలింది. పది గంటలకు బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు గడియారం పని చేయాలి. చేయకపోతే డిగ్రీ లేదు.

కిటికీ పక్కనున్న ముసలాయన లేచాడు. మాసిన చొక్కా, భుజాన సంచి.

"ఆ పెట్టె నాకియ్యి. వెనక సీట్లో నేనొక్కన్నే పట్టుకొని కూసుంటా. మీరంతా ముందరికి పోండి. బస్సు పోనీ."

"నీకేమన్నా పిచ్చా పెద్దాయనా?" ఎవరో నవ్వారు.

కరుణాకర్ నవ్వలేదు. ముసలాయన ముఖంలోకి చూసి, ఏదో అనబోయి మానుకున్నాడు.

"రైట్" అన్నాడు.

బస్సు కదిలింది. పెట్టె అందుకుని వెనక సీటుకు నడిచిన ముసలాయన వెంటే లూదియా వెళ్లింది.

"నువ్వు యాడికి? ముందర కూసో పో."

"నా పెట్టె తాతా. నేనూ ఈడే కూసుంటా."

"చెప్తే ఇనవా?"

"విననంటే విననంతే."

ఆయన కిటికీ వైపు జరిగి, పెట్టెను ఆమెకు దూరంగా ఒళ్లో పెట్టుకున్నాడు. ముందు సగం బస్సులో జనం ఒకరి మీద ఒకరు నిలబడి తిట్టుకుంటున్నారు.

"ఏం జేస్తాది ఇది?" అడిగాడు ముసలాయన.

"టైం చూపిస్తాది. ఈ బటన్ నొక్కితే అలారం గంట మారతాది. ఒక నొక్కుకు ఒక గంట."

"నొక్కు చూద్దాం."

ఆమె నొక్కింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

అలారం గంట ఆరు కాస్తా పది అయింది.

"నాలుగు దుంకింది గదా!"

"అదే తాతా దీని రోగం. లోపల రేకు అదురుతాది. ఒక్క నొక్కును చిప్పు నాలుగనుకుంటాది. పైగా బటన్ నొక్కితే చాలు, చేసే పని వదిలేసి దాని వెనక పరిగెత్తుతాది. సెకన్లు ఆగిపోతాయి. వారం నుంచీ కొట్టుకుంటాండా."

"మీ తోటోళ్లు ఏం జేసినారు?"

"హైదరాబాద్‌లో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్ముతారు. క్లాసంతా కొనుక్కొచ్చినారు. సారు నన్నూ కొనమన్నాడు. నేను కొనను."

"మొండిదానివే."

శిరివెళ్లలో ఎవరో దిగాలంటే కరుణాకర్ బెల్లు తాడు లాగాడు. గుంతల రోడ్డు కుదుపుకి బెల్లు అయిదారుసార్లు గణగణమంది. బస్సు అలాగే ముందుకు పోయి స్టేజీ దగ్గర ఆగింది.

"చూడు. బెల్లు అన్నిసార్లు మోగినా డ్రైవరు ఒక్కసారే ఆపినాడు. నీ గడియారానికి ఆపాటి తెలివి నేర్పలేవా?" అన్నాడు ముసలాయన.

లూదియా నవ్వబోయి ఆగిపోయింది.

"ఇంకోసారి చెప్పు తాతా."

"చెప్పేదేముంది? బెల్లు ఇనపడిన కాడ్నే బ్రేకు తొక్కలే. ఇన్నాడు, మనసులో పెట్టుకున్నాడు, బండి తోలుకుంటానే స్టేజీ వచ్చినాక ఆపినాడు."

ఆమె నోట్‌బుక్ తీసింది. చేయి పరుగెత్తింది.

మొదటి మోతే లెక్క. తర్వాత సెకనులో ఇరవయ్యో వంతు చెవులు మూసుకోవాలి. బటన్ నుంచి ఇంటరప్ట్, అంటే పని మధ్యలో పిలుపు, వస్తే 'నొక్కారు' అని ఒక గుర్తు మాత్రం పెట్టి, వెంటనే సెకన్ల పనికి తిరిగి పోవాలి. గంట మార్చడం తీరిక దొరికాకే.

పన్నెండు లైన్లు. చివరి లైను రాసేసరికి నంద్యాల బస్టాండు వచ్చింది. ముసలాయన పెట్టెను ఆమె చేతుల్లో పెట్టాడు. ఆమె నోట్‌బుక్ సర్దుకుని తలెత్తేలోగా జనంలో కలిసిపోయాడు.

తొమ్మిదిన్నరకు ల్యాబ్‌లో చిప్పులోకి కొత్త ప్రోగ్రాం ఎక్కింది.

పదింటికి ఎగ్జామినర్ పదిసార్లు బటన్ నొక్కాడు. గంట పదిసార్లే మారింది. సెకన్లు ఒక్కటి కూడా ఆగలేదు.

"ఎక్కడ కొన్నావమ్మా?"

"కొనలేదు సార్. చేసినా."

ఆయన నోట్‌బుక్ తిరగేసి సంతకం పెట్టాడు.

సాయంత్రం లూదియా అదే బస్సు కోసం కాచుకుని ఎక్కింది.

"ఇప్పుడు పేలదు గదా?" అన్నాడు కరుణాకర్.

"పాసైనానన్నా! పొద్దున్నాయన యాడుంటాడు? కాళ్లకు దండం పెట్టాల. బస్సు మొత్తంలో నన్ను నమ్మింది ఆయనొక్కడే."

"సంజీవయ్యనా? ఊరు ఖాళీ చేసి, గుంటూరు దిక్కు చెల్లెలు కాడికి రైలెక్కి పోయినాడు. ఇంగ రాడు."

"అడ్రసు?"

"నాకేం తెల్సు." కరుణాకర్ టికెట్ చింపుతూ ఆగాడు. "అయినా నమ్మినాడని ఎవురు జెప్పినారు? దిగేటప్పుడు నా చెవిలో అడిగినాడు, అది నిజంగా గడియారమేనా అని."

"నమ్మకుంటే ఒళ్లో ఎట్ల పెట్టుకున్నాడన్నా?"

కరుణాకర్ గొంతు తగ్గించాడు.

"అయిదేండ్ల కింద నా బస్సులోనే, సీటు కింద పెట్టె పేలి, పరీచ్చకు పోయే పిల్లోడు ఒకడు సచ్చిపోయినాడు పాపా, వాడు ఈ సంజీవయ్య కొడుకే."