కుళాయి చప్పుడు

"హరిబాబు ఉన్నడా?"

గేటు దగ్గర మగగొంతు వినగానే రమ్యశ్రీ చేతిలోని దువ్వెన జారిపోయింది.

హరిబాబు లేడు. కనకాంబరాలు కావాలని కొత్త పెళ్లాం ముద్దుగా అడిగితే సింధనూరు వెళ్లాడు. చీకటి పడినా రాలేదు.

పెళ్లికి ముందు కాలువ నీళ్ల తగాదాలో అతను ఒకరిని పారతో కొట్టాడు. కోర్టు జైలుకు పంపకుండా ప్రొబేషన్ మీద వదిలింది. పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండాలి. ఆఫీసర్ ఎప్పుడైనా వచ్చి చూస్తాడు. లేకపోతే జైలే.

ఆ ఆఫీసర్‌ను ఆమె ఇంతవరకు చూడలేదు.

"స్నానం చేస్తున్నారండీ!"

పరుగున వెళ్లి స్నానాలగదిలో కుళాయి తిప్పి వచ్చింది.

వచ్చినాయన ఎడమచేత్తో గేటు తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు. తలకు ఎర్ర తువ్వాలు.

"జల్దీ రమ్మను తల్లీ. ఒక మాట చెప్పి పోత."

"ఆలస్యమవుతుందండీ. రేపు రండి."

"రేపటి మాట కాదిది. జర నీళ్లియ్యి."

లోపలికి వెళ్తే వెనకే వచ్చి స్నానాలగది తలుపు కొడతాడేమో!

"నీళ్లు రావట్లేదండీ," అనేసింది.

లోపల కుళాయి ధారగా మోగుతోంది.

ఆయన అటు చూశాడు. ఆమె ముఖం చూశాడు.

అంతలో వాకిట్లో జీపు ఆగింది. ఫైలు పట్టుకుని ఒకతను దిగాడు.

"ప్రొబేషన్ ఆఫీసర్‌ని. హరిబాబును పిలవమ్మా."

రమ్యశ్రీ అరుగు వైపు తిరిగింది. మరి ఈ పెద్దాయనెవరు?

ఆయనే లేచాడు.

"నా పొలంల ఉన్నడు సార్. మోటరు కాలింది, బాగుచెయ్యనీకె నేనే తోలిన. ఆ మాట ఇంట్ల చెప్పనీకె వచ్చిన."

"పంపన్నా, నువ్వా!" ఆఫీసర్ తేరిపార చూశాడు. "ఇంకెవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు."

జీపు వెళ్లిపోయింది.

"ఊరి మొదట్ల జీపు ఆగి ఉన్నది చూసి, చెప్దామని ఉరికొచ్చిన," అన్నాడు పంపన్న. "కుళాయి బంద్ చెయ్యి తల్లీ, నీళ్లు ఊకె పోతున్నయి."

ఆమె చెంబుతో వచ్చేసరికి, ఒంటిచేత్తో సైకిలు నడిపించుకుంటూ కాలువ మలుపు దాటేశాడు.

కాసేపటికి పంక్చరైన బండి తోసుకుంటూ హరిబాబు వచ్చాడు. పూలు అందుకుంటూ ఆమె ఏడుస్తూ, నవ్వుతూ జరిగిందంతా చెప్పింది.

"ఎవరండీ ఆ పంపన్న? పాపం, కుడిచెయ్యి కదపలేడు!"

హరిబాబు పంపన్న కూర్చున్న చోటే కూలబడ్డాడు.

"నేను పారతో కొట్టింది ఆ చేతి మీదే."