మోతీకి ఎవరు అంటించారు?

రూతమ్మ గేటు తీయగానే శంకరమ్మ మెట్టు మీద నుంచే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడనే నిలబడు. కుక్కకు గజ్జి అంటిచ్చింది సాలదా? ఇంక ఇంట్లోల్లకు గూడ అంటిస్తవా?"

మోతీ వరండాలో కూర్చుని వెనక కాలితో మెడ గోక్కుంటోంది. మెడ కింద, పొట్ట మీద బొచ్చు బిళ్లలు బిళ్లలుగా ఊడింది. గోకిన చోట రసి కారుతోంది.

శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో రూతమ్మ నాలుగిళ్లలో పని చేస్తుంది. ఈ ఇంట్లో కుక్కకు నీళ్లు పోయడం కూడా ఆమె పనే. గజ్జి మాట ఈ గేటు దాటిందంటే మిగతా గేట్లన్నీ మూసుకుంటాయి.

"నాకేం లేదమ్మా. కావాల్నంటె సూడుండ్రి" అంది.

"ఏం సూడాలె? డిచ్‌పల్లి కుష్టు దవాఖానల మీ అవ్వ ఊడ్వలేదా? మీ ఇండ్లల్ల ఏమేం రోగాలున్నయో ఎవరికెరుక."

అక్కడ ఊడ్చిన అవ్వ ముసలిదయ్యేదాకా బతికి, వేళ్లన్నీ ఉండగానే పోయింది. ఆ మాట ఈమెతో అనడం దండగ అనుకుంది రూతమ్మ. డాక్టర్‌ను పిలిపించమంది. తన వల్లేనని ఆయన అంటే మళ్లీ ఈ గేటు ముట్టనంది.

శంకరమ్మకు కుక్క గిట్టదు. కొడుకు ఆత్మారాం మోతీని తెచ్చిననాడు అన్నం ముట్టలేదు. అది నడిచిన చోట నీళ్లు చల్లిస్తుంది. అది తగిలితే తలస్నానం చేస్తుంది. కుక్కనూ, దాన్ని కడిగే మనిషినీ కలిపి "అంటుముట్లు" అంటుంది.

ఫ్యాక్టరీ డ్యూటీకి తయారవుతున్న ఆత్మారాం ఈ గొడవ పడలేక, స్కూటర్ మీద పోయి పశువుల డాక్టర్‌ను తీసుకొచ్చాడు.

డాక్టర్ మోతీ బొచ్చు పాయలు తీసి చూశాడు. గజ్జి కాదన్నాడు. పడని తిండితో వచ్చిన దురద కూడా కాదు, తామర అన్నాడు. వీధి కుక్కలతో తిరుగుతుందా అని అడిగాడు. గేటు దాటదన్నాడు ఆత్మారాం.

"అయితే మనిషి నుంచే వచ్చింది. రోజూ ఒళ్లో పండబెట్టుకునేటోళ్లు ఎవరో ఉండాలె."

"దీన్నా? ఒళ్లోనా?" అని శంకరమ్మ పక్కకు ఉమ్మింది.

రూతమ్మ అడగకముందే రెండు చేతులూ చాపింది. సబ్బుకు పగిలిన గీతలు తప్ప ఏమీ లేవు. ఆత్మారాం చేతులూ, ఆయన భార్య సుమిత్ర చేతులూ బాగానే ఉన్నాయి. డాక్టర్ శంకరమ్మ వైపు తిరగబోతే ఆత్మారామే అడ్డుపడ్డాడు. అమ్మ దాని నీడ కూడా పడనివ్వదన్నాడు.

"చేతులకు లేకుంటె ఇంకెక్కడనో ఉంటది" అంది శంకరమ్మ. "గిసొంటోళ్లు ఏడ దాస్తరో మనకేమెరుక. పంపియ్ దాన్ని."

ఆత్మారాం చేతి గడియారం చూసుకున్నాడు.

"రేపటి సంది రాకు రూతమ్మా."

డాక్టర్ ఆ మాట విననట్టు సంచీ విప్పి టింక్చర్ సీసా తీశాడు. కుక్కను పట్టుకోమన్నాడు. ఇంకా ఆ ఇంటి పనిమనిషే కాబట్టి రూతమ్మే పట్టుకుంది. మందు తగలగానే మోతీ కేకపెట్టి జారిపోయింది. ఆత్మారాం దాన్ని దొరకబట్టి మెడ నేలకు ఒత్తాడు. గట్టిగా ఒత్తమన్నాడు డాక్టర్. ఆత్మారాం మోకాలు కూడా వేశాడు. మోతీ అరుపుకు పక్క క్వార్టర్ వాళ్లు గోడ మీద నుంచి తొంగి చూశారు.

శంకరమ్మ గబగబా మెట్లు దిగి వచ్చింది. కొడుకును భుజం పట్టి పక్కకు తోసింది. నేల మీద కూలబడి కాళ్లు చాపింది.

"గట్ల పిసుకుతరా? ఇటియ్యుండ్రి. మోతీగాడు నా ఒళ్లయితేనే పంటడు."