తెల్ల దుమ్ము

తలుపుని భుజంతో ఒక్క తోపు తోసి గదిలోకి వచ్చాడు తమ్ముడు.

"మెల్లిగా తోయరా, అది ఎవరి మాటా వినదు," అంది వెనకే వచ్చిన అక్క. "వడ్రంగి రెండుసార్లు చిత్రిక పట్టి పోయాడు. నడివేసవిలో కూడా బిగుసుకుపోయే తలుపుని మా ఇంట్లోనే చూస్తావు."

తమ్ముడి ధ్యాస తలుపు మీద లేదు. టేబుల్ కింద బావ కంప్యూటర్ ఈల వేస్తోంది. దాన్ని ఏరికోరి విడిభాగాలు కొని బిగించింది తనే. చెయ్యి పడితే చాలు, ఎంత వేడి మిషనైనా చల్లబడుతుందని స్నేహితులు వాడికి 'ఐస్' అని పేరు పెట్టారు. అలాంటివాడు బిగించిన మిషనే వేడెక్కిందంటే పరువు పోయినట్టే.

బావ భవనాల ఇంజనీరు. ఏ పిల్లరు ఎంత లావుండాలి, అందులో ఎన్ని ఊచలు పడాలి అన్నది ఆయన తేల్చే లెక్క. మొన్నటిదాకా కంపెనీలో ఉద్యోగం. అది మానేసి సొంతంగా దిగాక దొరికిన మొదటి పని ఒక పిల్లల బడి. మూడంతస్తులు. సాయంత్రానికి లెక్కలు పంపాలి.

"తొంభై ఐదు డిగ్రీలు చూపిస్తోందిరా. మధ్యలో ఆగిపోయిందంటే నా పని గోవిందా," అన్నాడు బావ.

"కొంపలేం మునగవులెండి. మీ బావమరిది వచ్చాడుగా," అంది అక్క.

ఐస్ పక్కపలక ఊడదీశాడు. ఫ్యాను రెక్కల మీద, జాలీ నిండా మెత్తటి తెల్ల దుమ్ము. పౌడరు అద్దినట్టుంది.

"ఏంటక్కా ఇది? ఇల్లు ఊడవడం మానేశావా?"

"నోర్ముయ్. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ పడుతుంది. ఎక్కణ్ణుంచి వస్తుందో దేవుడికే తెలియాలి." విసుక్కుంటూ కాఫీ పెట్టడానికి కిందికి వెళ్ళింది అక్క, తలుపుని ఈడ్చి మూసి.

ఐస్ బ్రష్షుతో దులిపాడు. చిప్పు వేడిని లాగే పేస్టు ఎండిపోతే, దాన్ని తుడిచి కొత్తది రాశాడు. విప్పిన స్క్రూలు టేబుల్ మీద పెడితే, ఒక్కొక్కటే దొర్లుకుంటూ గోడవైపు పోయాయి.

"టేబుల్ కాలు కింద అట్టముక్క పెట్టుకో బావా," అన్నాడు వంగి ఏరుకుంటూ.

"రెండు పెట్టాను," అన్నాడు బావ.

స్విచ్చి వేశాడు. అరవై డిగ్రీలు. ఈల ఆగిపోయింది. ఇక చేతులు కడుక్కుని కాఫీ తాగి పోవచ్చు. కానీ పాత సెట్టింగు ఒకటి గుర్తొచ్చింది.

ఈ ఇల్లు కట్టుకోకముందు, అద్దెకున్న రోజుల్లో అక్కాబావలకి ఉన్నది ఒక్కటే గది. ఈ ఫ్యాను మోతకి అక్కకి కునుకు పట్టేది కాదు. అందుకని ఐస్ చిప్పు వేగం పెంచి, దానికందే వోల్టేజిని తగ్గించాడు. తిండి తక్కువ, పని ఎక్కువ. వేడీ తగ్గింది, మోతా తగ్గింది. అక్క మురిసిపోయింది. పది నిమిషాలు పరుగెత్తించి చూస్తే ఆగిపోలేదు. ఆగలేదంటే బాగున్నట్టేనని వదిలేశాడు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఇవాళ మాత్రం అసలు పరీక్ష పెట్టాడు. ఒకే లెక్కని మళ్ళీ మళ్ళీ చేయించి, జవాబులు ఒకటేనా కాదా అని చూసే పరీక్ష.

కాసేపటికి తెర మీద ఎర్ర గీత వచ్చింది. తప్పు. ఇంకాసేపటికి మరొకటి.

ఐస్ తెర దగ్గరికి వంగాడు.

"ఏమైందిరా? ఆగిపోయిందా?"

"ఆగిపోయినా బాగుండేది బావా. ఆగకుండానే తప్పు చెబుతోంది. వోల్టేజి చాలట్లేదు దానికి. వెయ్యిసార్లు సరిగ్గా చెప్పి, ఒక్కసారి నోటికొచ్చింది చెబుతోంది. మనకి తెలియను కూడా తెలియదు."

"అయితే బడి లెక్క?"

ఐస్ వేగాన్నీ, వోల్టేజినీ మామూలుకి తెచ్చాడు. పరీక్ష మళ్ళీ పెట్టాడు. ఎర్ర గీత రాలేదు. బడి లెక్కని మొదటినుంచి నడిపించి ఇద్దరూ తెరకేసి చూస్తూ కూర్చున్నారు.

పాత లెక్కలో కింది అంతస్తు పిల్లరుకి ఎనిమిది ఊచలు చాలన్నది. ఇప్పుడు పద్నాలుగు కావాలంటోంది.

"అమ్మబాబోయ్!" అన్నాడు ఐస్. ఒళ్ళంతా చెమట పట్టింది. పంపేసి ఉంటే? మూడంతస్తుల నిండా పిల్లలు. అంతలోనే ప్రాణం లేచొచ్చింది కూడా. ఇంకా పంపలేదు. అక్కడ ఇంకా ఒక్క ఇటుకైనా పేర్చలేదు.

"గండం గడిచింది బావా. సమయానికి పట్టుకున్నాం."

బావ వంగి టేబుల్ కాలు కింది అట్టముక్కల్ని చూస్తున్నాడు.

"నేను వోల్టేజి తగ్గించాక దీంట్లో ఇంకేమైనా లెక్కలు కట్టావా? ఉంటే చెప్పు, అవీ చూసేద్దాం."

"కంపెనీవన్నీ కంపెనీ కంప్యూటర్లోనే కట్టాను." అన్నాడు బావ. "దీంట్లో కట్టింది ఒక్కటే."

"ఏదది?"

బయట కాఫీ కప్పులు గలగలమన్నాయి. తలుపు అవతల నుంచి అక్క గొంతు వినిపించింది. "ఏమండీ, ఇది అస్సలు కదలట్లేదు. లోపల్నుంచి కాస్త లాగండి!"

అప్పుడే తుడిచిన కంప్యూటర్ మీద తెల్ల దుమ్ము సన్నగా రాలుతుంటే, బావ తలెత్తి పైన స్లాబు వంక చూసి, "ఈ ఇల్లేరా," అన్నాడు.