ఆరు లైన్లు

మూడింటి ఎండలో, తూర్పు గ్యాలరీ పై వరసలో ఒకే ఒక్క ముసలాయన కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నాడు.

గేటు దగ్గర జనాన్ని లెక్కపెట్టే కిరీటికి ఆయన్ని చూడగానే ఒళ్ళు మండింది.

అసలే ఆవేళ గేటు లెక్క నూట నలభై మూడు.

కిందటేడు బెజవాడ రోవర్స్ ఆడుతోందంటే ఆరేడు వందల మంది వచ్చేవారు. లైట్ల ఖర్చు భరించలేక మ్యాచ్‌లన్నీ పనిరోజుల్లో మధ్యాహ్నం మూడింటికి మార్చారు. ఇక అక్కణ్ణించి నాలుగొందలు, మూడొందలు, రెండొందలు. నీళ్ళు కట్టేసిన కాలవలా గ్యాలరీ ఎండిపోయింది. క్రికెట్టయితే చెట్లెక్కి చూసే ఊరు, మూడో డివిజన్ ఫుట్‌బాల్ అంటే ఊరికే టికెట్టిచ్చినా మొహం తిప్పుకుంటుంది.

ఆఖరి మ్యాచ్ ఆదివారం పడింది. దానికి ఐదొందల మందైనా రాకపోతే వచ్చే ఏడు క్లబ్బుకి లైసెన్సు ఉండదని లీగ్ వాళ్ళు ఉత్తరం రాశారు.

మోకాలు విరిగి ఆట మానేసిన కిరీటిని గేటు దగ్గరైనా నిలబెట్టుకున్నది ఆ క్లబ్బే. అది మూతపడితే ఇరవై ఇద్దరు ఆటగాళ్ళతో పాటు తనూ రోడ్డున పడతాడు.

“జనాన్ని పోగొట్టింది ఈ బెట్టింగోళ్ళేరా. గ్యాలరీలో కూర్చుని ఫోన్లో ఆట చెప్పేవాడు కనపడితే వదలొద్దు” అని క్లబ్బు సెక్రటరీ తిరుపతిరావు గారు చెప్పనే చెప్పారు.

కిరీటి కుంటుకుంటూ మెట్లెక్కాడు.

“నాని కుడివైపు నించి తోసుకొస్తన్నాడు... కొట్టాడు... అబ్బా, వెంట్రుకవాసిలో పోయింది!” ముసలాయన ఫోన్లో ఊగిపోతున్నాడు.

“ఎవరితో మాట్లాడుతున్నావ్?”

ఆయన ఫోను గుండెకి ఆనించుకున్నాడు. “మావాళ్ళతోనండి.”

“నీ పేరేంటి?”

“శౌరయ్య అంటారండి.”

“మీవాళ్ళకి లైన్ ఇస్తన్నావా?”

“అవునండి, ఆరు లైన్లు. ఆపైన కలవట్లేదండి.”

బెజవాడలో లైన్ అంటే ఏమిటో పాలు తాగే పిల్లాణ్ణడిగినా చెబుతాడు. పందేలు కాసేవాళ్ళకి ఆట సంగతి ఫోన్లో ఎప్పటికప్పుడు అందించడం. చేసేవాడెవడూ చచ్చినా ఒప్పుకోడు. ఈయన ఒప్పుకున్నాడు, అదీ నవ్వుతూ!

“ఆరు లైన్ల మీద ఎంతమంది?”

“మూడొందల పైమాటేనండి. ఆదివారం చూడండి బాబూ, మీరే ఆశ్చర్యపోతారు.”

ఎంత ధైర్యం వీడికి, అనుకున్నాడు కిరీటి. చేసింది చాలక ఆదివారం కూడా చేస్తాడట.

ఫోను లాక్కున్నాడు.

“బాబూ, అది ఇచ్చెయ్యండి. అందరి నంబర్లూ అందులోనే ఉన్నాయి. ఆదివారానికి కావాలండి.”

“ఆ మాట స్టేషన్లో చెప్పు.”

చొక్కా పట్టుకుని దింపుతుంటే ముసలాయన చెప్పు ఒకటి మెట్ల మీదే ఉండిపోయింది. ఆయన దానికోసం చూడలేదు. మైదానం వైపే చూస్తూ, “ఇంకా బోలెడు ఆట ఉందండి, సగంలో ఆపకూడదండి” అంటూనే పోలీసు జీపెక్కాడు.

తిరుపతిరావు గారు కిరీటి భుజం తట్టారు. “పీడా విరగడైంది. ఇక చూడు, జనం ఎలా వస్తారో!”

ఆదివారం పొద్దున్నే కిరీటి ఆటోకి మైకు కట్టి గవర్నర్‌పేట అంతా తిరిగాడు. దుర్గమ్మకి కొబ్బరికాయ కొట్టాడు. మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి మొహానికీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

ఆట మొదలయ్యేసరికి నూట అరవై. విరామానికి రెండొందల పన్నెండు. ఆ తర్వాత ఒక్క పురుగు కూడా రాలేదు.

లీగ్ పరిశీలకుడు కాగితం మీద ఆ అంకె వేసి సంతకం చేశాడు. ఆటలో రోవర్స్ రెండు గోల్స్‌తో గెలిచింది. గెలిచినవాళ్ళు మైదానంలో కూర్చుని చిన్నపిల్లల్లా ఏడ్చారు.

సోమవారం కానిస్టేబుల్ సాయిగణేష్ క్లబ్బుకొచ్చి ఆ ఫోను కిరీటి చేతిలో పెట్టాడు.

“బెట్టింగూ లేదు, పాడూ లేదు. ఫోన్ చేసిన ప్రతివాణ్ణీ, పేరు చెప్పరా, స్టేషన్‌కి రారా అని గదమాయించాం. ఏమీ తేలలేదు.”

“మరి ఆయన?”

“మర్నాడే మాట్లాడుతూ మాట్లాడుతూ కుప్పకూలాడు. పక్షవాతమంట. పెద్దాసుపత్రిలో ఉన్నాడు, మాట పడిపోయింది. నా అన్నవాళ్ళెవరూ లేరంట. ఫోను నువ్వే ఇచ్చెయ్.”

కిరీటి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

సాయిగణేష్ బండి మలుపు తిరిగిందో లేదో, ఫోను మోగింది.

“శౌరయ్యగారూ? నేను ఇష్తియాక్‌నండి, ఆటోనగర్ నించి. లారీ బాడీల షెడ్డు.” ఆ గొంతు బెదురుబెదురుగా ఉంది.

“ఆయన లేరు. నేను కిరీటిని, రోవర్స్ క్లబ్బు.”

“హమ్మయ్య, పోలీసులు కాదుగదా! ఏమనుకోకండి సార్. ఆదివారం ఆరు షెడ్లవాళ్ళం, మూడొందల మందిమి మ్యాచ్‌కి వద్దామని తయారయ్యాం. ఏ గేటుకి రమ్మంటారో అడుగుదామని ఫోన్ చేస్తే పోలీసులెత్తారు. కేసులంటే భయమేసి అంతా ఆగిపోయాం.”

కిరీటి గేటుకి ఆనుకున్నాడు.

“మీరంతా ఆటకి వచ్చేవాళ్ళేనా?”

“భలేవారే! కిందటేడు తూర్పు గ్యాలరీ అంతా మేమేగా సార్. మూడింటికి మార్చాక పని వదిలి రాలేకపోయాం. అప్పటినించీ శౌరయ్యగారు చెబుతుంటే స్పీకర్లో పెట్టుకుని, రేకులు కొట్టుకుంటూ వింటున్నాం.”

“ఆయన మీకేమవుతారు?”

“మాకా? అదేంటి సార్, ఆయన మీ మనిషేగా! ‘రాలేని జనాన్ని వదులుకోకూడదని క్లబ్బువాళ్ళే జీతమిచ్చి నన్ను పెట్టారయ్యా’ అని మొదటిరోజే చెప్పారండి.”